ఒక ఆట, మూడు బంతులు

మొన్న ఒక ఆదివారం మా మనవరాలు నన్ను గుడివాడలో ఫుట్‌బాల్ పోటీ చూడటానికి తీసుకెళ్ళింది. ఆట బాగానే ఉంది. అయిపోయాక స్టేడియం గేటు నుంచి పెద్ద రోడ్డు ఎక్కడానికి మాత్రం మాకు గంటా పది నిమిషాలు పట్టింది. ముందు మోటారు సైకిళ్ళు, రెండు పక్కలా ఆటోలు, వెనక ఆపకుండా హారన్ కొట్టే పెద్ద కారు ఒకటి. ఉన్న ఒక్క కానిస్టేబులూ విజిల్ ఊది ఊది విసిగిపోయి టీ కొట్టు నీడకు చేరుకున్నాడు. ఇంటికి రాగానే సంబంధిత అధికారులకు రెండు పేజీల ఉత్తరం రాసి, పత్రికకు నకలు పంపాను. పత్రికవారు దాన్ని నాలుగు వాక్యాలకు కుదించి, నా ఇంటిపేరు తప్పు అచ్చు వేశారు. దాని మీద ఇంకో ఉత్తరం వెళ్ళింది, అది వేరే సంగతి. మనవరాలి కారులో అలా ఇరుక్కుని కూర్చున్నంతసేపూ నాకు బందరు గుర్తొచ్చిందనీ, ఇదే చిక్కును అరవయ్యేళ్ళ కిందట నేను మూడు తాళ్ళతోనూ ఒక మైకుతోనూ విప్పాననీ ఉత్తరంలో రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అరవైల మొదట్లో నేను బందరులో ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తాను. ఏ ఆఫీసో చెప్పను. మా నాన్నగారు దివిసీమలో, అవనిగడ్డ దాటి ఇంకా లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లెలో మిషను బడి పంతులు. అక్కడి చిన్న చర్చిలో ఆదివారం ఆరాధన జరిపేదీ ఆయనే. మా అక్కనిచ్చిన బావకు బందరులో సైకిలు షాపు ఉండేది, నా మకాం వాళ్ళింట్లోనే. మా హెడ్ గుమాస్తా గారు ఆఫీసు పనితో పాటు ఊళ్ళో ఏటా చలికాలంలో జరిగే ఫుట్‌బాల్ టోర్నమెంటు కమిటీకి కార్యదర్శిగా కూడా ఉండేవారు. బందరు వాళ్ళకు ఫుట్‌బాల్ అంటే ఎంత పిచ్చో నా వయసు వాళ్ళకు చెప్పనక్కర లేదు. గుడివాడ జట్టు వస్తోందంటే రైలు నిండా జనం దిగేవాళ్ళు, చల్లపల్లి నుంచీ పామర్రు నుంచీ బస్సుల మీద వచ్చేవాళ్ళు, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఎడ్లబండ్లు కట్టుకుని చద్ది మూటలతో సహా వచ్చేవాళ్ళు.

రావడం పొద్దుటి నుంచీ కొంచెం కొంచెంగా వచ్చేవాళ్ళు గనుక చిక్కు లేదు. వెళ్ళడం మాత్రం అందరూ ఒక్కసారే. గ్రౌండుకు ఉన్నది ఒకటే గేటు, గేటు ముందు సందు, సందు చివర కాలవ మీద వంతెన. ఆ వంతెన మీద జట్కాకు జట్కా ఎదురైతే ఒక గుర్రం వెనక్కి నడవాల్సిందే. ఆట అయ్యే వేళకు రిక్షాలూ జట్కాలూ బేరాల కోసం గేటు దాకా వచ్చి నిలబడేవి, లోపలి నుంచి సైకిళ్ళూ ఎడ్లబండ్లూ తోసుకొచ్చేవి. గుడివాడ ప్యాసింజరు కూత అందరికీ వినబడేది, ఎవరికీ అందేది కాదు. అవనిగడ్డ వైపు ఆఖరి బస్సు ఏడు గంటలకు. అది తప్పిపోయిన దివిసీమ వాళ్ళు మా బావ షాపు అరుగు మీద తుండుగుడ్డలు పరుచుకుని పడుకోవడం నేను రెండేళ్ళు చూశాను.

ఉపాయం నాకు పెళ్ళి పందిట్లో తట్టింది. ఆ ఏడు వేసవిలో హెడ్ గుమాస్తా గారు పామర్రు దగ్గర వాళ్ళ సొంతూళ్ళో పెద్దమ్మాయి పెళ్ళి చేశారు, ఆఫీసువాళ్ళందరినీ పిలిచారు. భోజనాల వేళ ఆయన తమ్ముడు పందిరి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళనల్లా మీరెంత దూరం వెళ్ళాలండీ అని అడుగుతూ, దూరం వెళ్ళేవాళ్ళను మొదటి బంతిలోనూ, దగ్గరివాళ్ళను రెండో బంతిలోనూ, ఇంట్లోవాళ్ళను చివరి బంతిలోనూ కూర్చోబెడుతున్నాడు. రెండు వందల మంది తింటున్నా తోపులాట లేదు. ఎంత చక్కటి ఏర్పాటు అనుకుంటూ నా వంతు రాగానే బందరు వెళ్ళాలండీ అన్నాను. ఆయన మొదటి బంతి వైపు చెయ్యి చూపబోయాడు, పక్కనున్న పెద్దమనిషి ఎవరో ఆయన చెవిలో ఏదో అన్నాడు, చెయ్యి దిగిపోయింది. మీరు కాస్త ఆగండి అన్నాడు. రెండో బంతికి కూడా ఆగమన్నాడు. మూడో బంతి వేళకు నాకూ బండి తోలుకొచ్చిన పాలేళ్ళకూ పశువుల కొట్టం పక్కన విడిగా ఆకులు వేశారు. చెవిలో చెప్పింది ఏమిటో నా తరంవాళ్ళకు విప్పి చెప్పక్కర లేదు. హెడ్ గుమాస్తా గారు అటుగా వచ్చి, చూసి, చూడనట్టు వెళ్ళిపోయారు. ఆ రోజు గారెలు నా ఆకు దాకా రాలేదు, బందరు బస్సు నా కోసం ఆగలేదు. ఈ రెండూ నాకు ఇప్పటికీ గుర్తే.

చలికాలం వచ్చింది, టోర్నమెంటు వచ్చింది. కిందటేడు జరిగిన రద్దీ మళ్ళీ జరిగితే గ్రౌండు ఇవ్వబోమని గ్రౌండువాళ్ళు కమిటీకి కబురు పెట్టారు. హెడ్ గుమాస్తా గారు తల పట్టుకుని కూర్చుంటే, నేను ఒక అరఠావు కాగితం మీద నా ఏర్పాటు రాసి ఆయన ముందు పెట్టాను. జనాన్ని లోపలికి రానిచ్చేటప్పుడే ఎంత దూరం వెళ్ళాలో అడగాలి. రైలుకీ దూరం బస్సులకీ వెళ్ళేవాళ్ళు గేటు పక్కన మొదటి బంతి. సైకిళ్ళవాళ్ళు రెండో బంతి, వాళ్ళు వంతెన దాటేదాకా సైకిలు ఎక్కకూడదు. ఊళ్ళోవాళ్ళూ, ఎడ్లబండ్లూ, కార్లూ మూడో బంతి. బంతికీ బంతికీ మధ్య తాడు. ఒక బంతి లేచి వంతెన దాటాక, తమలపాకు నమిలేంతసేపు ఆగి రెండోదాన్ని లేపాలి. జట్కాలూ రిక్షాలూ వంతెనకు అవతలే ఆగాలి. హెడ్ గుమాస్తా గారు రెండుసార్లు చదివి, ఇది నెగ్గితే నీ పర్మినెంటు సంగతి నేను చూస్తానయ్యా, ఒక్క ఫిర్యాదు వచ్చినా నా వల్ల కాదు అన్నారు. ఆఫీసులో ఖాళీ ఒకటే ఉంది, దానికి టెంపరరీలం ముగ్గురం ఉన్నాం.

మొదటి రోజు మైకులో మొదటి బంతి లేవండి, రెండో బంతి కూర్చోండి అని నేను అనగానే గ్రౌండంతా గొల్లున నవ్వింది.

"రెండో బంతికి గారెలుంటాయా అండీ?" అని సైకిళ్ళ వైపు నుంచి ఎవరో అరిచారు.

"విస్తరి వేయకుండా కూర్చోమంటే ఎట్టాగయ్యా?" అని ఇంకొకరు.

మోపిదేవి నుంచి వచ్చిన ఒక ముసలాయన, రెండో బంతి అంటే ఇంకో బంతి తెచ్చి మళ్ళీ ఆడతారు కాబోలనుకుని తాడు పట్టుకుని కదలనన్నాడు. వంతెన అవతల జట్కావాళ్ళు, తమను ఆపడానికి నేను అక్కడ నిలబెట్టిన మా బావను పట్టుకుని, "మా గుర్రాలది ఎన్నో బంతండీ బావగారూ, గడ్డన్నా వేయిస్తారా?" అని ఆట పట్టించారు. నవ్వుకుంటూనే అందరూ మాట విన్నారు. పెళ్ళి భోజనానికి వెళ్ళని మనిషి ఎవరుంటారు? బంతి అనగానే ఎవరి వంతు ఎప్పుడో, ఎందుకు ఆగాలో చెప్పకుండానే తెలిసిపోయింది. ఆ సాయంత్రం గుడివాడ ప్యాసింజరు కదలడానికి పావుగంట ముందే అందరూ ఎక్కి కూర్చున్నారు. నేను ఆ రాత్రే నాన్నగారికి కార్డు రాశాను, శనివారం ఫైనలుకు మనవాళ్ళను తీసుకుని రండి, బస్సు భయం లేదు, మిమ్మల్ని మొదటి బంతిలో కూర్చోబెడతాను అని.

రెండో రోజు కూడా అంతే సాఫీగా జరిగింది. చిక్కు బయట పుట్టింది. కమిటీలో ఒక రైసుమిల్లు యజమాని ఉండేవాడు, పోటీలకు కప్పు ఇచ్చింది ఆయనే, ఊళ్ళో ఉన్న కాసిని కార్లలో ఒక నల్ల కారు ఆయనది. కారు గనుక మూడో బంతి. రెండు రోజులూ ఆయన పేపరు చదువుకుంటూ కారులో కూర్చున్నాడు, నిజం చెప్పాలంటే ఒక్క మాట అనలేదు. మూడో రోజు పొద్దున క్లబ్బులో ఎవరో, "ఏమండీ, తమరు మూడో బంతిలో కూర్చున్నారట, మజ్జిగన్నా మిగిలిందా?" అన్నారట. ఆయన పేకముక్కలు బల్ల మీద పెట్టేసి లేచి వచ్చాడట.

ఫైనలు రోజు మధ్యాహ్నం హెడ్ గుమాస్తా గారు నన్ను ఆఫీసు వరండాలోకి పిలిచారు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా జ్ఞాపకం.

"నీ ఏర్పాటు మార్చమనటం లేదు నాయనా. ఆయన చివరనే వెళ్తాడు. బంతి అనకు. లైను అను, అంతే."

"లైనన్నా బంతన్నా ఒకటే కదండీ."

"ఒకటే అయితే లైననే అను. ఆయన మూడో లైనులో నిలబడతాడు. మూడో బంతికి కూర్చోమంటే ఎట్లా కూర్చుంటాడయ్యా? పరువు గల మనిషి."

"నేను కూర్చున్నానండీ," అన్నాను.

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. తరువాత, "నీ పర్మినెంటు కాగితం నా సొరుగులోనే ఉంది. ఇవాళ ఆ మాట అనకుండా సాయంత్రం గడుపు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాటలో క్షమాపణ ఉందని అప్పుడు నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేవాణ్ణి కాను.

సాయంత్రం నాన్నగారు వచ్చారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ పంచె, వెంట మా పల్లె వాళ్ళు ఐదుగురు. నేనే స్వయంగా తీసుకెళ్ళి మొదటి బంతిలో గేటు పక్కన కూర్చోబెట్టాను. బందరు గెలిచింది. నేను మైకు అందుకున్నాను. లైను అనే మాట నాలుక మీద ఉంది, రెండక్షరాలు. దూరంగా మిల్లు యజమాని కారు అద్దం దించుకుని నా వైపే చూస్తున్నాడు. మొదటి బంతి లేవండి అన్నాను. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. మూడో బంతివారు దయచేసి చివరిదాకా కూర్చోవాలి, తొందరపడి లేవకూడదు అని ఎన్నడూ చెప్పనంత స్పష్టంగా చెప్పాను.

నల్ల కారు కదిలింది. మొదటి బంతి ఇంకా సగం లేవకముందే తాడు తెంపుకుని వచ్చి గేటులో అడ్డంగా ఆగింది. నేను పరిగెత్తుకెళ్ళి దాని ముందు నిలబడి వెనక్కి తీయమన్నాను. డ్రైవరు వెనక్కి చూశాడు, యజమాని పేపరు విప్పుకున్నాడు. ఆయన వెళ్తున్నాడుగా మనకేమని సైకిళ్ళవాళ్ళు లేచారు, వాళ్ళను చూసి ఎడ్లబండ్లు కట్టారు, బేరాలు పోతాయని జట్కాలు వంతెన ఎక్కాయి. హెడ్ గుమాస్తా గారు జనంలోంచి ఎలాగో నా దగ్గరికొచ్చి, కారును పోనివ్వవయ్యా బాబూ అని చేతులు పట్టుకున్నారు. నేను కదల్లేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు గానీ, రైలు కూత వినబడింది, ఆ తరువాత చాలాసేపటికి కాలవ అవతల రోడ్డు మీద అవనిగడ్డ బస్సు దీపాలు కదిలి వెళ్ళడం కూడా కనబడింది.

మర్నాడు ఆదివారం. పొద్దున మొదటి బస్సు దగ్గర నాన్నగారిని ఎక్కించడానికి వెళ్ళాను. ఆ బస్సు మా ఊరి రోడ్డు చేరేసరికి ఆరాధన వేళ దాటిపోతుంది. చర్చి ముందు జనం ఆయన కోసం చూసి చూసి ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆయన ఆ పల్లెలో ఉన్న పందొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. నేను జరిగినదంతా, పెళ్ళి భోజనం దగ్గర నుంచి, ఆయనకు చెప్పాను. కారు వాడిదే తప్పన్నాను, హెడ్ గుమాస్తా గారిదన్నాను. ఆయన అంతా విని, బస్సు మెట్టు మీద కాలు పెట్టి నెమ్మదిగా అన్నారు:

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు నాయనా. నువ్వే వడ్డించావు, మమ్మల్ని మొదటి బంతిలోనే కూర్చోబెట్టావు. ఆకులో ఏమీ పడలేదు."

పర్మినెంటు నాకు రాలేదు. కొన్నాళ్ళకు గుడివాడ వచ్చి వేరే పనిలో కుదురుకున్నాను. మరుసటేడు టోర్నమెంటులో నా ఏర్పాటునే, అవే తాళ్ళతో, మూడు లైన్లని పేరు మార్చి నడిపారని మా బావ ఉత్తరం రాశాడు. మిల్లు యజమాని మూడో లైనులో కారు పెట్టుకుని చివరిదాకా ఉన్నాడట, పైగా సైకిళ్ళవాళ్ళకు దారి చూపించాడట. ఒక్కరికి కూడా బస్సు తప్పిపోలేదు. కమిటీ నివేదికలో నా పేరు లేదు. ఆ ఆలోచన ఎవరిదో రికార్డులో ఎక్కించాలని నేను ఏడు అర్జీలు పెట్టాను, నకళ్ళు ఇంకా ఉన్నాయి. నివేదికలో పేరు ఉండాల్సిందేనని ఇప్పటికీ అంటాను. ఆ పరువు గల మనిషి ఆ మాట మూడు సాయంత్రాలు వినడం వల్ల ఆయనకు పోయిందేమీ లేదని కూడా అంటాను. మా నాన్నగారి మాట మీద మాత్రం ఏ అర్జీ పెట్టలేదు. ఆయన ఆ తరువాత ఇరవై ఏళ్ళు బతికారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు, బందరు ఆటలకు రాలేదు.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో అందరూ పళ్ళాలు చేత్తో పట్టుకుని ఒకే వరసలో నిలబడుతున్నారు, ఎవరి ఆకు ఎక్కడ వేయాలని చెవులు కొరుక్కునే పని లేదు. అది చూస్తే నాకు సంతోషమే. పామర్రు అయినా అవనిగడ్డ అయినా ఎవరి బండి మీద వాళ్ళు ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఆఖరి బస్సు అనే భయమే పోయింది. అదీ మంచిదే. కానీ దూరం వెళ్ళేవాణ్ణి ముందు పంపి మిగిలినవాళ్ళం నవ్వుకుంటూ కూర్చున్న ఆ రెండు సాయంత్రాల లాంటివి నేను మళ్ళీ చూడలేదు. ఒక మాట మింగి ఉంటే అవి మూడు అయ్యేవి.