అవనిగడ్డలో ఖాళీ గడులు: ఒక కోబాల్ ప్రయాణం

అవనిగడ్డ వైపు ఎవరైనా మోపిదేవి దర్శనానికో, హంసలదీవి చూడటానికో వెళ్తారు. నేను మాత్రం ఒక పాత ప్రోగ్రాం సంగతి తేల్చుకోవడానికి వెళ్ళాను. మా బృందం కంపైలర్లు తయారుచేస్తుంది. అంటే, మనుషులు రాసిన ప్రోగ్రాంని యంత్రం భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్. పెద్ద సంస్థలు వాడే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల కొత్త ప్రాసెసర్ల కోసం, కోబాల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష కంపైలర్‌ని తిరగరాశాం. ప్రోగ్రాములన్నీ చక్కగా నడిచాయి, పంటల బీమా పరిహారం లెక్కగట్టే ఒక్కటి తప్ప. కొందరు రైతులకి పాత యంత్రం ఒకటి చెప్తే మాది ఇంకొకటి చెప్పింది. సోమవారానికల్లా తేలకపోతే ఆ ప్రోగ్రాంతోపాటు మా కంపైలర్‌నీ పక్కన పెట్టేస్తామని బీమా సంస్థవాళ్ళు తెగేసి చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ప్రోగ్రాం రాసిన రూతమ్మ గారు రిటైరై అవనిగడ్డలో ఉంటున్నారని తెలిసి, ఫోన్ చేసి, శనివారం బయల్దేరాను.

బెజవాడలో పొద్దున్నే బందరు పాసింజర్ ఎక్కాను. టికెట్ యాభై రూపాయల లోపే. గుడివాడలో ఇడ్లీ పొట్లం కొనుక్కుని తినేలోపు రెండు పక్కలా వరిచేలు మొదలయ్యాయి. బందరు స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటో మాట్లాడుకున్నాను.

"చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కండి మేడమ్, గంటన్నరలో దింపేస్తాడు. చుట్టాలున్నారాండీ అక్కడ?" అన్నాడు డ్రైవరు.

"లేదండీ, ఒక లెక్క తేలక వెళ్తున్నాను."

"డబ్బు వ్యవహారమా! అయితే మెత్తగా మాట్లాడకండి."

అంత అవకాశం రూతమ్మ గారు ఇస్తేగా! తలుపు తీస్తూనే, "నా ప్రోగ్రాం తప్పంటున్నారటగా?" అన్నారు. మంచినీళ్ళు ఆ తర్వాతే వచ్చాయి.

లాప్‌టాప్ తెరిచి, తేడా వచ్చిన రైతుల వివరాలు చూపించాను. దిగుబడి రాయాల్సిన గడి అందరికీ ఖాళీగా ఉంది. ఆవిడ ఆ పేర్లూ ఊళ్ళూ వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు.

"వీళ్ళంతా తుఫానుకి చేను మొత్తం మునిగినవాళ్ళమ్మా. ప్రోగ్రాములు తర్వాత సంగతి, మొదట నేను బీమా సంస్థ బందరు ఆఫీసులో క్లర్కుగానే చేరాను. ఒక్క బస్తా కూడా రాని రైతు పేరు పక్కన సున్నా కొట్టడానికి మాకు చెయ్యాడేది కాదు. మా ఊళ్ళవాళ్ళేగా అంతా! ఆ గడి అలా వదిలేసేవాళ్ళం. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదన్నమాట."

నాకు చటుక్కున వెలిగింది. పాత కంపైలర్ ఖాళీని సున్నాగానే తీసుకునేది. వేగం కోసం మేము వాడిన కొత్త ప్రాసెసర్ ఆదేశాలు అలా తీసుకోవు. సరిగ్గా సాయం అందాల్సినవాళ్ళకే లెక్క తప్పుతోంది! ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే నేను అక్కడే కూర్చుని, ఖాళీ గడిని పాత పద్ధతిలోనే చదివే ఏర్పాటు కంపైలర్‌లో చేర్చాను. ఆఫీసు యంత్రం మీద పరీక్ష నడుస్తుంటే రొయ్యల ఇగురుతో అన్నం పెట్టారు. నా కళ్ళు మాత్రం తెర మీదే.

మజ్జిగన్నంలో ఉండగా ఫలితం వచ్చింది. పైసా తేడా లేదు! ఎంగిలి చేత్తోనే లేచి గెంతాను.

"నా ప్రోగ్రాంలో ఏం మార్చావు?" అన్నారావిడ అనుమానంగా.

"ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదండీ. మేమే మారాం."

ఆవిడ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు.

కొత్త యంత్రానికి వేగం నేర్పామని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఇంకా గొప్పగా చెప్పుకుంటాను. బందరు క్లర్కుల మనసు కూడా ఆ యంత్రానికి అర్థమయ్యేలా చేసింది మేమే మరి!

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. సాయంత్రం బందరులో బెజవాడ రైలు అందుకోవాలంటే మూడింటికల్లా అవనిగడ్డ వదలండి. నాకు కుదర్లేదు. రూతమ్మ గారు చుట్టాలందరికీ వీడియో కాల్ చేసి నన్ను చూపిస్తూ, ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్తూ కూర్చున్నారు:

"నేను రిటైరయ్యాను గానీ, నా ప్రోగ్రాం ఇంకా డ్యూటీలోనే ఉంది!"