పెద్దమ్మ తర్జుమా చేయని మాటలు

సోమవారం పొద్దున సంఘ పెద్ద ఫోన్ చేసి, "అయ్యగారూ, మన తర్జుమా పెద్దమ్మ పోయింది" అన్నాడు. బూర్గంపాడు అవతల, అడవి అంచున ఉన్న వాళ్ల పల్లెలో పదకొండేళ్లుగా ఆదివారం ఆరాధన నడుపుతున్నాను. మాది బోనకల్ వైపు, నాకు కోయ భాష రాదు. నేను తెలుగులో చెప్పిందాన్ని పక్కన నిలబడి కోయలో చెప్పింది ఆమే.

ఆమెకు చదువు రాదు. అయినా ఆ పూట నేను చెప్పబోయే బైబిలు వాక్యం ముందే తెలియాలి. గంట ముందు వచ్చి, విస్తరాకులు కుడుతూ, "ఇయ్యాల ఏం కథ అయ్యగారూ?" అని అడిగేది. ఓసారి, ప్రార్థనకు వెళ్లిన ఇద్దరి ఉపమానం చెప్పాను. నిష్ఠాపరుడినని గర్వించే పరిసయ్యుడు తన ఉపవాసాలన్నీ దేవుడికి ఏకరువు పెట్టాడు, పన్నులు వసూలు చేస్తాడని అందరూ పాపిగా చూసే సుంకరి దూరంగా నిలబడి, తలెత్తలేక గుండెలు బాదుకున్నాడు.

"ఆ సుంకరి గంత దూరం ఎందుకు నిలబడ్డడు? ఎవలన్న రానియ్యలేదా?" అంది.

బైబిలు కాలేజీలో మూడేళ్లు చదివినా నాకా ప్రశ్న తట్టలేదు. "సిగ్గుపడి," అన్నాను.

"సిగ్గుండొచ్చు. రానియ్యకపోవుడు గూడ ఉండొచ్చు," అంటూ ఇంకో ఆకు అందుకుంది.

ఆ రోజు గర్వం మీద గట్టిగా ప్రసంగించాను. పరిసయ్యుణ్ని చీల్చి చెండాడాను. ఆ ఊపులో, సేవ కోసం నేను వదులుకున్న ఉద్యోగం, నేను చేసిన ఉపవాసాలు, వానల్లో వాగు దాటి వచ్చిన సంగతీ చెప్పుకొచ్చాను. అంతసేపు చెప్పినదానికి పెద్దమ్మ నాలుగు ముక్కలు పలికి ఊరుకుంది. జనం కాళ్లు చాపుకున్నారు. ఒకామె లేచి మంచినీళ్లు ముంచుకుంది. కోయ ఇంత పొదుపైన భాషా అని ఆశ్చర్యపోయాను. అంతకుముందు కూడా చాలా ఆదివారాలు ఇలాగే జరిగినట్టు గుర్తుకొచ్చింది.

ఉండబట్టలేక భోజనాల దగ్గర అడిగేశాను. ఆమె ఏమీ దాచలేదు.

"'అయ్యగారు తన సంగతి చెప్పుకుంటున్నడు, జర ఆగుండ్రి, కథ మళ్లొస్తది' అన్న."

నా ముఖం మాడిపోయింది. మీరు నవ్వుకోవచ్చు గానీ, అణకువ గురించి అంత చెప్పినవాణ్ని నెల రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను. ఆ తర్వాత కోయ తెలిసిన ఒక టీచరును తర్జుమాకు పెట్టాను. ఆయన ఒక్క ముక్క వదల్లేదు. నా ఉద్యోగం, నా ఉపవాసాలు, నా వాగు అన్నీ జనం విన్నారు. ఎవరూ నవ్వలేదు, మర్యాదగా తలలు దించుకున్నారు. ఇన్నేళ్లూ పెద్దమ్మ నన్ను దేన్నుంచి కాపాడిందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే వాళ్లింటికి వెళ్లి, తప్పయిందని చెప్పాను.

"నీళ్లు మోసేటప్పుడు నెత్తి చూసుకోం అయ్యగారూ, బాట చూస్తం," అంది. అంతే, ఆ తర్వాతి ఆదివారం మళ్లీ నా పక్కన నిలబడింది. ఇక నుంచి నేను నా సంగతిలోకి జారితే దగ్గమని నేనే అడిగాను. పాపం, చాలాసార్లు దగ్గాల్సి వచ్చింది. నాకు పాఠం చెప్పిన వాళ్లలో ఆమెకున్నంత ఓపిక ఎవరికీ లేదు.

సమాధి దగ్గర చదవడానికి నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను. తాను తర్జుమా చేస్తానని సంఘ పెద్ద ముందుకొచ్చాడు. ఎందుకో వద్దనిపించింది. కాగితాలు జేబులో పెట్టి, జనంతో పాటు నేలమీద కూర్చున్నాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి కోయలో ఆమె గురించి చెప్పారు. మధ్యమధ్య నవ్వారు, ఏడ్చారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పదకొండేళ్లలో ఈ భాష నేర్చుకోవాలని నాకెందుకు తోచలేదు?

నా అవస్థ చూసి పక్కనున్న ముసలామె దగ్గరికి జరిగింది. వాళ్లు చెప్పేది ఒక్కో మాటా నాకు తెలుగులో చెప్పసాగింది. ఆమెది చాలా సన్నని గొంతు. వినపడాలంటే నేను ఇంకా కిందికి వంగాల్సి వచ్చింది.