మడత విప్పని తెరచాప

పొద్దున్నే ఆవిడ పడవ ముందు కొసకి వెళ్ళి, చూపుడువేలు నాలుకతో తడిపి పైకెత్తింది. సూదిలోకి ఎక్కించే ముందు దారం కొసని తడిపే అలవాటు అది. వేలికి ముందువైపే చల్లగా తగిలింది. దక్షిణపు గాలి. ఇవాళ కూడా ఎదురే.

"ఏమంటోంది నీ వేలు?" వెనక చుక్కాని దగ్గర నుంచి భర్త అడిగాడు.

"ఏమంటుంది, మీ ఇంజను పక్షమే."

ఆయన నవ్వి ఇంజను తాడు లాగాడు. అది దగ్గి, ఉమ్మి, మళ్ళీ దగ్గి, చివరికి డబడబమంటూ అందుకుంది. ఆవిడ చేతిలోని టీకి డీజిలు వాసన పట్టింది. కాళ్ళ దగ్గర పొడుగాటి గుడ్డసంచిలో తెరచాప చుట్టిపెట్టి ఉంది. బయల్దేరినప్పటి నుంచి ఆ సంచి మూతి విప్పలేదు. తలగడ కింద తలగడగా పనికొస్తోంది.

కాలువ సముద్రం పక్కనే, ఇసుక దిబ్బల వెనకగా దక్షిణానికి సాగుతుంది. దిబ్బల అవతల నుంచి సముద్రం వినిపిస్తుంది, కనిపించదు. పక్కింట్లో ఎవరో రోజంతా బట్టలు ఉతుకుతున్నట్టుంటుంది ఆ చప్పుడు. కాలువ చివర్న ఒక వంతెన ఉంది. అది దాటితే నీళ్ళు విశాలమై సముద్రంలోకి తెరుచుకుంటాయి. అక్కడ తెరచాప ఎత్తుదామన్నాడు ఆయన. అప్పటిదాకా ఇంజనే.

ఊళ్ళో ఆవిడని కర్టెన్లక్క అంటారు. జిరాక్సు కొట్టుకీ గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఒక ఇరుకు గది. అందులో ఒక మిషను, ఒక బల్ల, మూలన గోడకి ఆనించిన తానులు. కిటికీ కొలత తెచ్చిస్తే చాలు, ఎన్ని మడతలు రావాలో, కింద అంచు ఎంత బరువు ఉంటే తిన్నగా పడుతుందో ఆవిడ వేళ్ళే చెప్పేవి. ఆ గదిలో ఫ్యాను ఉండేది గానీ తిరిగేది కాదు. ఫ్యాను వేస్తే జారుడు గుడ్డ కదులుతుంది, చాక్‌పీసు గీత వంకర పోతుంది. తలుపు కూడా ఓరగానే ఉంచేది. గాలి అంటే ఆవిడకి పని చెడగొట్టడానికి వచ్చే చుట్టం.

కుట్టిన కర్టెన్లన్నీ ప్లాస్టిక్ సంచుల్లో ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోయేవి. ఏ కిటికీకి ఎలా వేలాడుతున్నాయో ఆవిడ చూసింది లేదు. ఒక్కసారి మాత్రం బస్సులో పోతుంటే, ఒక మేడమీది కిటికీలోంచి నీలం కర్టెన్ గర్భిణిలా నిండుగా బయటికి ఉబ్బి కనిపించింది. అది తన కుట్టేనా? తల తిప్పేలోపు బస్సు మలుపు తిరిగింది. ఆ నీలం ఆవిడ కళ్ళలో అలాగే ఉండిపోయింది. నేను కుట్టిన గుడ్డ ఒక్కటైనా నిండా గాలి పట్టడం దగ్గర నిలబడి చూడాలి, అనుకుంది. ఇంకేం కోరుకుందో అడిగితే చెప్పలేదు గానీ, ఇది మాత్రం చెప్పగలదు.

ఆయన తలుపులు చేసేవాడు. మోకాళ్ళు మొరాయించి ద్వారబంధాలు ఎత్తలేకపోయాక, షెడ్డులో మిగిలిన చెక్కతో పడవ మొదలుపెట్టాడు. "పడవ మీ ఇష్టం, తెరచాప నాది" అంది ఆవిడ. మిషను ఇంటికి తెచ్చుకుని, రెండు గదుల్లో పరిచి కుట్టింది. సూదులు విరిగాయి. గుడ్డ బరువు మిషనుని గుంజుతుంటే చెల్లెలు అవతలి కొస పట్టుకుని వరండా దాకా నడిచింది. పడవని నీళ్ళలోకి దించిన రోజున ఆకు కదల్లేదు. ఎత్తిన తెరచాప అచ్చం కర్టెన్‌లాగే వేలాడింది. ఆయన ఫోటో తీసుకున్నాడు. ఆవిడ ఆ ఫోటో చూడలేదు.

"ఒక్కసారి పడవని వెనక్కి తిప్పండి" అని దారిలో అడిగింది. "కాసేపు గాలి వెనక నుంచి తగులుతుంది. చూసుకుని మళ్ళీ ఇటే వద్దాం."

"బిగించిన తలుపుని ఎలా ఉందో చూద్దామని ఊడదీస్తామా?" అన్నాడు ఆయన. "దక్షిణానికని బయల్దేరాం. సముద్రం దగ్గర ఎత్తుకుందాంలే."

సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. "ఎగిరిందా అక్కా?"

"నిద్రపోతోంది."

"బావగారికివ్వు." ఫోను చేతులు మారింది. "ఏం బావగారూ, మా అక్కని డీజిలు వాసన చూపించడానికి తీసుకెళ్ళారా? ఆ మాత్రానికి ఆటో ఎక్కిస్తే సరిపోయేదిగా."

"మీ అక్క తొందర నీకెక్కడ అంటిందే" అని ఆయన నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు.

మర్నాడు ఎదురుగా ఒక పడవ వచ్చింది, ఉత్తరానికి పోతూ. తెల్లటి తెరచాప బిగువుగా ఉబ్బి ఉంది. ఇంజను చప్పుడు లేదు, అడుగున నీళ్ళు గుసగుసలాడటం వినిపించింది. అందులోవాళ్ళు చెయ్యి ఊపారు. ఆయన కూడా ఊపాడు. ఆవిడ తల వంచుకుని ఉడికిన గుడ్డు పెంకు ఒలిచింది, తెల్లసొన కూడా పెంకుతో పాటు ఊడి వచ్చేంత గట్టిగా.

వంతెన వచ్చింది. దారిలోవన్నీ ఎత్తైన వంతెనలు, ఇదొక్కటే పొట్టిది. దాని దూలాల కింద నుంచి అవతల వెలుతురు కనిపిస్తోంది. ఆవిడ వంతెన వైపు చూసింది, తెరచాప కొయ్య చివర వైపు చూసింది.

"సరిపోదేమోనండీ."

"కాలువ ఆఫీసుకి ఫోను చేసి నీళ్ళ మీద నుంచి వంతెన ఎంత ఎత్తో కనుక్కునే కొయ్య కోశాను. మూరెడు తగ్గించి మరీ కోశాను."

"మరి కొయ్యని ఎక్కడ నుంచి కొలిచారు?"

"ఎక్కడ నుంచేమిటి, అది నిలబడ్డ పలక మీద నుంచి."

"ఆ పలక నీళ్ళ మీద ఎంత ఎత్తుందో?"

ఆయన పడవ అంచు మీద నుంచి నీళ్ళ వైపు వంగి చూశాడు. జన్మంతా గడప మీద నుంచే తలుపు కొలిచిన మనిషి. గడప కింద ఏముందని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇంజను తగ్గించి మెల్లగా ముందుకి పోనిచ్చాడు. టక్‌మంది. దూలం మీది పాత రంగు పెచ్చు ఊడి ఆయన టోపీ మీద పడింది.

పోటు తీసేదాకా ఆగారు. నీళ్ళు తగ్గాయి గానీ చాలినంత కాదు. పడవ ఇంకాస్త దిగాలని ఆయన బకెట్లూ, క్యానులూ, ఆఖరికి టీ గిన్నె కూడా కాలువ నీళ్ళతో నింపాడు. గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్నతను చూస్తూనే ఉన్నాడు.

"బాబాయ్, నన్ను కూడా ఎక్కించుకోండి. బరువే కదా కావాల్సింది, మధ్యాహ్నం గట్టిగా తిన్నాను."

"చేపలు పడుతున్నాయా నీకు?" అన్నాడు ఆయన చిరాగ్గా.

"లేదు. మిమ్మల్ని చూడటానికే అన్నీ అటు వచ్చేశాయి."

ఇంకా జానెడు అడ్డం. ఆయన పెట్టె తెరిచి రంపం తీశాడు.

"జానెడేగా. కోసేస్తాను."

"కొయ్య పొట్టిదైతే తెరచాప పొట్టి చెయ్యాలి. మిషను ఇంట్లో ఉంది. ఆ గుడ్డ చేత్తో కుట్టేది కాదు."

"సముద్రంలో ఇంజనుతోనే పోదాం ఈసారికి."

ఆవిడ ఆయన చేతిలోని రంపం వైపు చూసింది.

"పడవ తిప్పండి."

"ఇంతదూరం వచ్చి వెనక్కా? సముద్రం అదిగో, వినిపిస్తోంది."

"నేను సముద్రం కోసం రాలేదండీ."

ఆయన రంపం పెట్టెలో పెట్టాడు. బకెట్లు ఒక్కొక్కటే బయటికి ఒంపాడు, విసురుగా, ప్రతి బకెట్‌కీ ఏదో గొణుగుతూ. పడవ ముక్కు ఉత్తరానికి తిరగడం మొదలుపెట్టేసరికి ఆవిడ సంచి మూతి విప్పేసింది. ఇస్త్రీ చేసినట్టున్న మడతలతో తెరచాప బయటికి వచ్చింది. ఇద్దరూ తాడు లాగారు, మాట్లాడుకోకుండా.

ముందు అది వేలాడింది. కర్టెన్‌లాగే. ఆవిడ చూపు తిప్పుకోబోయింది. అంతలో కింది అంచు ఒకసారి విదిలించుకుంది, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు. మడతలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. గుడ్డ చప్పున బిగిసి, నిండి, ఆగింది. పడవ తనంతట తానే కదిలింది.

ఆయన ఇంజను ఆపాడు. "సముద్రం చూడకుండా పోతున్నాం" అన్నాడు, ఇంకా కోపంగానే. తలగడ పక్కన ఆవిడ ఫోను మోగుతోంది. ఎత్తలేదు.

కింది మూల దగ్గర చిన్న ముడత కనిపించింది. కుట్టు అక్కడ కాస్త గుంజింది. గుర్తు పెట్టుకోవడానికి అలవాటుగా చాక్‌పీసు కోసం తడుముకుంది, లేదు. బొటనవేలితో ఆ చోటు నొక్కింది. గుడ్డ ఆ వేలిని వెనక్కి నెట్టింది.