ఇప్పచెట్టు కింద భూతాపం

2005 ఫిబ్రవరిలో నన్ను ఖమ్మం జిల్లా పినపాక వైపు అడవుల్లో ఒక రేంజికి ఆఫీసరుగా వేశారు. రేంజి అంటే కొన్ని సెక్షన్లు, సెక్షన్ అంటే కొన్ని బీట్లు. బీటుకొక గార్డు, వాళ్లందరి మీద నేను, నా మీద డివిజనల్ ఆఫీసరు, ఆయన మీద పైవాళ్లు, పైవాళ్ల మీద ఆ రోజుల్లో కొత్తగా టీవీ. చివరిది మా సర్వీసు రూల్సులో లేదు గానీ ఆర్డర్లు మాత్రం అక్కణ్నుంచే ఎక్కువగా వచ్చేవి.

ఎండాకాలం మా పనంతా నిప్పుతోనే. మాది ఆకురాల్చే అడవి. మార్చికల్లా ఎండుటాకు మడమలోతు పడుతుంది. మంట వస్తే నేలబారున పాకుతుందే తప్ప చెట్ల తలలకు ఎక్కదు. అది దాటిపోకుండా మేమే ముందుగా కొంత వెడల్పున ఆకు ఊడ్చి, కాల్చి, బాటలాగా వదిలేస్తాం. దాన్ని ఫైర్ లైన్ అంటారు.

అంతకంటే పాత అలవాటు ఇప్పపువ్వు ఏరేవాళ్లది. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకులో పడితే కనపడదు. అందుకని కోయగూడేల వాళ్లు తమ తమ చెట్ల కింద ఆకును మధ్యకు ఊడ్చి, మంచు తడి ఆరకముందే కాల్చి, నేల శుభ్రం చేసుకుంటారు. రూలు ప్రకారం అది నేరం. కానీ అలా కాల్చిన మంట చెట్టు నీడ దాటగా నేనెన్నడూ చూడలేదు. కాబట్టి గార్డును దగ్గర నిలబెట్టి, చూసీచూడనట్టు ఊరుకునేవాణ్ని.

ఆ మార్చి నెలాఖరున హైదరాబాదు నుంచి ఒక ఛానెల్ బృందం దిగింది. భూతాపం మీద ప్రత్యేక కార్యక్రమమట. భూమి ఎంత వేడెక్కుతోందన్నది నా లెక్క కాదు. కొలిచేవాళ్లున్నారు, వాళ్లు చెప్పాలి. ఈ రిపోర్టరు మాత్రం కొలవడానికి రాలేదు, చూపించడానికి వచ్చాడు. వ్యాఖ్యానం ముందే రాసుకుని తెచ్చాడు. దానికి తగిన మంట ఒక్కటే తక్కువైంది.

వాళ్లు కారం ముత్తమ్మ చెట్ల దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ముత్తమ్మ అరవై దాటిన కోయ మనిషి. ఇంట్లో కోడలు, ఇద్దరు మనవరాళ్లు. వానలు మొదలై ఇంట్లో గింజలు అడుగంటినప్పుడు ఆ నలుగురి కడుపు నింపేది ఎండబెట్టిన ఇప్పపువ్వే. ఆమె చెట్ల కింద పొద్దున కాల్చిన బూడిద తప్ప ఏమీ లేదు. మళ్లీ అంటించమని రిపోర్టరు అడిగాడు.

“గిప్పుడా? ఎండెక్కినంక అగ్గి పెడితే అది మన మాట ఇనది బిడ్డా” అని ఆమె చీపురు తీసుకుని పక్కకు పోయింది. గార్డు అన్నానికి వెళ్లాడు. గూడెం జనం చూస్తుండగానే కెమెరామన్ ఆకు కుప్ప పోసి లైటరు తీశాడు.

గాలి తోడైంది. మంట వెదురు కూపులోకి, అంటే మేం నరుకుడుకు కేటాయించిన వెదురు తోపులోకి, పాకింది. బృందం కారెక్కింది, కెమెరా మాత్రం కిటికీలోంచి పని చేస్తూనే ఉంది. ముత్తమ్మ, గూడెం జనం పచ్చికొమ్మలు విరిచి మంటను కొట్టారు. మేం కూడా చేరాక సాయంత్రానికి అది ఆరింది.

ఆ మంట టీవీలో వచ్చింది. పేరు “భూతాపానికి బలవుతున్న మన్యం”. ముత్తమ్మ కొమ్మతో కొడుతుంటే వెనక విషాద సంగీతం. స్టూడియోలో ముగ్గురు మేధావులు. ఒకాయన ఉత్తర ధ్రువం మంచుతో మొదలుపెట్టాడు. రెండో ఆయన సంతలు పోయి సూపర్‌మార్కెట్లు రావడమే కారణమన్నాడు. మూడో ఆవిడ లోపమంతా మన కుటుంబ వ్యవస్థలోనే ఉందని తేల్చింది. ఏ ప్రశ్నకైనా ఆవు వ్యాసమే రాసే పిల్లవాడు పెద్దయ్యాక ఏమవుతాడో నాకప్పుడు తెలిసింది.

మర్నాడు అదే మంట, అదే ముత్తమ్మ. ఈసారి ఆమె చుట్టూ ఎర్రటి గీత గీసి, “అడవికి నిప్పు పెడుతున్నదెవరు?” అని అడిగారు. నిన్నటి వీరవనిత ఇవాళ ముద్దాయి అయింది.

కార్యక్రమం ముగియకముందే డివిజనల్ ఆఫీసరు ఫోన్ చేశాడు. వానలు పడేదాకా అడవిలో ఎవరూ అడుగు పెట్టకూడదన్నాడు. పువ్వు రాలేది కొద్ది వారాలేనని, నిప్పు పెట్టిందెవరో గూడెమంతా చూసిందని చెప్పాను. “నువ్వు చెప్పేది నిజమేనయ్యా, కానీ పైవాళ్లు టీవీ చూశారు కదా” అన్నాడు. ఛానెల్ మీద కేసు కడతానంటే, ముందు గొడవ చల్లారనివ్వమన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేరుగా ఛానెల్‌కే ఫోన్ చేస్తే ప్రేక్షకుల స్పందన కింద లైను ఇచ్చారు. “మంట పెట్టింది మీ కెమెరామన్” అన్నంతవరకూ వినిపించిందట. తర్వాత సాంకేతిక కారణాలు అడ్డం వచ్చాయి.

ముత్తమ్మ రేంజి ఆఫీసుకు వచ్చి గుమ్మంలో నిలబడింది. “టీవీల ఏమన్న అననీ సారూ. ఆడ పువ్వు రాలుతాంది. మేం ఏరకపోతే ఎలుగులు తింటయ్. వానల్ల మేమేం తినాలె? నువ్వేం జేస్తవో జెయ్” అంది.

రూలుకు రూలే విరుగుడు. మంటలు కనిపెట్టడానికి స్థానికులను ఫైర్ వాచర్లుగా పెట్టుకునే అధికారం రేంజి ఆఫీసరుకు ఉంది. గూడెంలో ఇంటికొకరిని వేశాను. డ్యూటీ స్థలం ఎవరి ఇప్పచెట్టు వారిదే. డ్యూటీ వేళ తెల్లవారుజాము. పని, చెట్టు కింద రాలినవన్నీ తొలగించడం. తొలగించినవి ఎక్కడ వేయాలో ఆర్డరులో రాయలేదు. కాల్చడం మాత్రం కుదరలేదు. ఆకును చేత్తో తోసుకుంటూ ఏరాల్సి వచ్చింది కనుక నిండే గంప సగమే నిండింది.

కొన్నాళ్లకు అదే రిపోర్టరు మళ్లీ వచ్చాడు. చెట్టు చెట్టుకూ ఒక మనిషి కాపలా ఉండడం చూసి మురిసిపోయి, “వాతావరణ యోధులు” అని అరగంట చూపించాడు. మేధావులు మళ్లీ కూర్చున్నారు, పైవాళ్లు మళ్లీ చూశారు. డివిజనల్ ఆఫీసరు నన్ను అభినందించి నిషేధం ఎత్తేశాడు. అప్పటికి పువ్వు అయిపోయి ఇప్పచెట్లు చిగురేశాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఖమ్మంలో సభ పెట్టి ముత్తమ్మకు శాలువా కప్పారు. ఆషాఢంలో ఆమె మా నర్సరీలో కూలికి వచ్చింది. అంతకు ముందెప్పుడూ రాలేదని గార్డు చెప్పాడు. పువ్వు ఏమైందని అడిగాను.

“ఉన్నది ఒడిసింది సారూ. శాలువ ఉడకదు గద” అని మట్టి తట్ట ఎత్తుకుంది.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ మంటకైనా, అది మొదలైన చోటికి నడిచిపోయి చూశాకే కారణం చెప్పాను. ఆ ఏడు టీవీలో కారణాలు చెప్పినవాళ్లెవరూ పస్తులుండలేదు. ముత్తమ్మ ఇంట్లో పస్తులున్నారు.