నూనె డబ్బాలో ఉసిరి

పోయిన ఆదివారం ప్రోతరాపూర్‌లో సూరమ్మత్త ఇంటికి వెళ్తే, పళ్లెంలో ఉప్పు రాసిన ఉసిరికాయలు పెట్టింది. ఒకటి కొరికానో లేదో, ఆ వగరుతో పాటు తడిసిన అడవి ఆకుల వాసన, పులిహోరలో ఇంగువ వాసన, తుప్పు పట్టిన నూనె డబ్బాలో మట్టి వాసన, అన్నీ ఒక్కసారిగా ముక్కుకు తగిలి, నేను మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను.

అప్పుడు మేం ఈ దీవిలోనే డాలీగంజ్‌లో ఉండేవాళ్లం. మా వరసలో ఆరిళ్లు తెలుగువాళ్లవే, అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఆరిళ్లవాళ్లమూ గిన్నెలూ చాపలూ మోసుకుని బస్సెక్కి, ఊరికి దూరంగా కొండమీదున్న సర్కారు అడవికి వనభోజనాలకు పోయేవాళ్లం. ఆ అడవిలో లేనిదేముంది? తల వెనక్కి వాల్చి చూసినా చివర కనబడని పడౌక్ చెట్లు, మధ్యాహ్నమైనా ఆరని నడకదారి, ఉప్పు రాసుకున్నా వదలకుండా కాళ్లు పట్టే జలగలు, మా అల్లరికి కేకలు పెట్టి ఎగిరిపోయే చిలకలు. లేనిదల్లా ఉసిరిచెట్టు ఒక్కటే! ఉసిరి కింద తినకపోతే అవి వనభోజనాలెలా అవుతాయి?

మా పెద్దవాళ్లు దానికీ ఉపాయం కనిపెట్టారు. సూరమ్మత్త భర్త తాపీమేస్త్రీ, మాకందరికీ మావయ్య. ఆయన విశాఖపట్నం నుంచి ఓడలో వస్తూ, తన తాగునీళ్లు పోసి బతికించి తెచ్చిన ఉసిరిమొక్క ఒకటి వాళ్లింట్లో నూనె డబ్బాలో పెరిగేది. ఏటా దాన్ని బస్సులో సీటిచ్చి కూర్చోబెట్టి, అడవికి మోసుకెళ్లి, ఒక పడౌక్ మొదట్లో దించి, పసుపూ కుంకుమా పెట్టి, జానెడు నీడ చుట్టూ పాతికమందిమి విస్తళ్లు వేసుకునేవాళ్లం. బయటి మొక్కలు లోపల నాటకూడదు కాబట్టి గేటు దగ్గర గార్డు ఏటా ఆపేవాడు. మావయ్య ఏటా అదే జవాబు చెప్పేవాడు. "యే భీ పిక్‌నిక్ కే లియే ఆయా హై భయ్యా, షామ్ కో వాపస్!" మొక్క కూడా పిక్నిక్‌కే వచ్చిందట, సాయంత్రం తిరిగొచ్చేస్తుందట! గార్డు నవ్వి వదిలేసేవాడు.

సునామీ వచ్చిన ఆదివారం మావయ్య కార్ నికోబార్ దీవిలో పనిమీద ఉన్నాడు. మనిషి దొరకలేదు, శవమూ దొరకలేదు. అత్త కొన్ని నెలలపాటు వచ్చిన ప్రతి ఓడకూ జెట్టీకి పరుగెత్తింది, తర్వాత మానేసింది. నుదుటి బొట్టు మాత్రం తీయలేదు. తీయమనడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆ తర్వాత వచ్చిన మొదటి కార్తీకంలో మా అమ్మ ఎప్పట్లాగే కుంకుమభరిణె పట్టుకుని, ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బొట్టు పెట్టి వనభోజనాలకు పిలిచింది. అత్త గుమ్మం ముందు మాత్రం ఆగిపోయింది. బొట్టు పెడదామంటే చెయ్యి రాలేదు. పెట్టకుండా పిలిస్తే, నీ మొగుడు పోయాడని మొహం మీద చెప్పినట్టే. భరిణెను కొంగుతో కప్పుకుని ముందుకు నడిచింది. అమ్మది చెడ్డమనసు కాదు. కానీ లోపలున్న అత్తకు ఆ సంగతెలా తెలుస్తుంది?

శనివారం సాయంత్రం అమ్మ నన్ను పంపింది. "డబ్బా అడిగి పట్టుకొచ్చీ. మరేటీ మాటాడకు."

వెళ్లేసరికి అత్త మొక్కకు నీళ్లు పోస్తోంది. డబ్బా ఇమ్మన్నారని చెప్పాను. ఆమె చెంబు కింద పెట్టి, నా వంక చూసింది.

"మొక్కొక్కటీ సాలేటే? నానక్కర్లేదా?"

"నువ్వూ రావాలత్తా, అమ్మ రమ్మంది" అని గడగడా అబద్ధమాడేశాను. ఇంటికొచ్చి, మొక్క రేపు తనే తెస్తానంది అని సగమే చెప్పాను.

పొద్దున్న బస్‌స్టాపుకి అత్త డబ్బాను చంకనెత్తుకుని వచ్చింది. అమ్మ నా వంక చూసిన చూపు తల్చుకుంటే ఇప్పటికీ వీపు చురుక్కుమంటుంది! అడవిలో చెట్ల సందుల్లోంచి సముద్రం నీలంగా కనబడుతోంటే, అత్త దానికి వీపు పెట్టి కూర్చుంది. మొక్కకు కుంకుమ పెట్టే వేళయింది. అమ్మ భరిణె తెరిచింది. అత్త దగ్గరికి నడిచి, దాన్ని ఆమె చేతుల్లో పెట్టేసింది.

"నువ్వే పెట్టొదినా."

అత్త మొక్కకు పెట్టింది. తర్వాత ఒక్కొక్క ఆడమనిషికీ పెట్టుకుంటూ వచ్చి, అమ్మ నుదుటి దగ్గర ఆగి భోరుమంది. అమ్మా భోరుమంది. గార్డు పరుగెత్తుకొచ్చి "క్యా హువా దీదీ?" అన్నాడు. ఎవరం చెప్పగలం? పులిహోర చల్లారిపోయాక తిన్నాం, అయినా ఒక్క మెతుకు మిగల్లేదు.

ఇప్పుడు డాలీగంజ్‌లో మా వరసే లేదు. ఆరిళ్లూ ఆరు దిక్కులైపోయాయి. అమ్మ పోయి రెండేళ్లు. అడవికి జనం ఇప్పుడే ఎక్కువ వెళ్తున్నారు, బిర్యానీ పొట్లాలతో, పాటల పెట్టెలతో. నూనె డబ్బాలో చెట్టును వెంటబెట్టుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు. అత్త ప్రోతరాపూర్ వచ్చాక ఆ మొక్క డబ్బా అడుగు చీల్చుకుని నేలలోకి దిగి, ఇంటికప్పును మించిపోయింది.

కాయ నములుతూ, ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నది బయటపెట్టాను. "అత్తా, ఆ రోజు నిన్ను పిలవమని అమ్మ చెప్పలేదు. అబద్ధమాడాను."

"తెలుసులేవే. మీ యమ్మ పిలిస్తే బరిణె అట్టుకుని తనొస్తాది గానీ, పిల్లనంపుద్దేటి?"

"మరెందుకొచ్చావు?"

అత్త ఇంకో కాయ నా చేతిలో పెట్టింది.

"అబద్దమైనా, పిలిసింది నువ్వొక్కదానివే గదే."