నీళ్ల వాసన చూసే యాదలక్ష్మి

కర్మన్‌ఘాట్‌లో హనుమంతుడి గుడి దాటాక రెండో సందులో యాదలక్ష్మి ఉండేది. రెండు గదుల కిరాయి ఇల్లు. ఒక గదిలో ఆమె, రెండో గదిలో టబ్బుల నిండా దెబ్బతిన్న చేపలు. పెద్ద గది చేపలదే.

చేపలకు వైద్యమేమిటని నవ్వినవాళ్లలో నేనే మొదటిదాన్ని. మాది కాకినాడ. చేప కనబడితే పులుసా, వేపుడా అని తప్ప ఇంకో ఆలోచన రాని ఊరు. ఎల్బీ నగర్ నుంచి కూడా జనం గోల్డ్‌ఫిష్‌లను గిన్నెల్లో పెట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడతారని విని, పనీపాటా లేనివాళ్లు అనుకున్నాను. 2011లో నేనూ బకెట్ పట్టుకుని అదే గుమ్మం ముందు నిలబడ్డాను.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధివాళ్లం ఎప్పటిలాగే పలకరించుకుంటున్నాం కానీ, ఏ మాటైనా అనే ముందు రెండుసార్లు ఆలోచిస్తున్నాం. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంటున్న నాకు అది ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. అందుకే సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం, పూల బతుకమ్మను నీళ్లలో వదలడానికి మోకాళ్ల నొప్పులతో సరూర్‌నగర్ చెరువుదాకా నడవలేక మెట్ల మీద కూర్చుండిపోయిన ఎదురింటి అండాలమ్మగారిని చూసి, "మా తొట్టిలో వేయండి పిన్నిగారూ, అవీ నీళ్లే కదా" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. బతుకమ్మను మా చేపల సిమెంటు తొట్టిలో వదిలి, నా చేతిలో సత్తుపిండి పెట్టారు. ఎంత మంచి పని చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు గులాబి రంగుకు తిరిగాయి. తెల్లటి గునుగుపూలకు అద్దిన రంగంతా నీళ్లలోకి దిగింది. గోల్డ్‌ఫిష్‌లు రెండూ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మావారు జోగారావు ముద్దుగా పెంచుకునే కోయ్ చేప మందారం, ఊపిరాడక ఎగిరి గచ్చు మీద పడి కొట్టుకుంటోంది. పొలుసులూడి, పక్కంతా పుండు. చిన్నవాటిని నిలవ నీళ్ల డ్రమ్ములో వేశాను. మందారం గాయానికి, చిన్నప్పుడు మా అమ్మ నాకు పూసినట్టే పసుపు మెత్తి, బకెట్లో వేసుకుని కర్మన్‌ఘాట్‌కి నడిచాను.

చేప పోతుందన్న భయం ఒకటి. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. ఆంధ్రావాళ్ల చేపను మన బతుకమ్మ చంపిందట అన్న మాట వీధిలో పుడితే, అది అండాలమ్మగారి చెవిన పడితే, ఆవిడ జన్మలో మళ్లీ మా గేటు తీయరు.

యాదలక్ష్మి ముందు చేపను చూడలేదు. వంగి నీళ్ల వాసన చూసింది. ఏమైందని అడిగితే పిల్లి పట్టిందని చెప్పాను. ఆమె తడిబట్టతో మందారాన్ని ఎత్తి, మొప్ప తెరిచి చూసింది.

"పిల్లి రంగు గూడ పూస్తదా అమ్మా? పసుపంటే నువ్వు పూసినవ్. గీ గులాబి రంగెవరిది?"

సిగ్గుతో జరిగిందంతా చెప్పేశాను. "అండాలమ్మగారికి మాత్రం చెప్పకు తల్లీ" అని బతిమాలాను. ఆమె పసుపు కడిగేసి, టబ్బులో రాళ్లుప్పు కరిగించి మందారాన్ని వదిలి, గాలి మిషన్ పెట్టి, నయమయ్యేదాకా ఇక్కడే ఉండాలని, రెండు రోజులు తిండి వద్దని చెప్పింది.

"చేపకు జబ్బుండదమ్మా, నీళ్లకుంటది" అంది చేతులు తుడుచుకుంటూ. వాళ్లది నల్లగొండ దగ్గర పల్లె. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లకు ఆమె తమ్ముడి కాళ్లు వంకరపోయాయి. "గా నీళ్లకు రంగు లేకుండె, వాసన లేకుండె. మా అవ్వనే బోరింగు కొట్టి తెచ్చి తాపింది. ఎరుకున్నోళ్లు ఒక్కలన్న చెప్పుంటే తాపకపోతుండె."

పట్నం వచ్చాక ఒక చేపల దుకాణంలో అద్దాల తొట్లు కడిగింది. పారేయమని ఇచ్చిన చేపల్ని పారేయలేక ఇంటికి తెచ్చుకుంది. కొన్ని చచ్చాయి, కొన్ని ఆమెకు పని నేర్పాయి.

దసరా మర్నాడు బ్యాంకులో పని ముగించుకుని వచ్చేసరికి మా తొట్టి ఖాళీ చేసి, శుభ్రంగా తోమి ఉంది. యాదలక్ష్మి నడిచొచ్చి చేసిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఎదురింటికి తాళం. చెప్పేసిందన్నమాట! ఒళ్లు మండిపోయింది. దులిపేద్దామని ఆ చెప్పుల్తోనే కర్మన్‌ఘాట్‌కి బయల్దేరాను.

వెళ్లేసరికి అక్కడ కరెంటు లేదు. గాలి మిషన్ ఆగిపోయింది. టబ్బు పక్కన ముక్కాలిపీట మీద అండాలమ్మగారు! చెంబుతో నీళ్లు ముంచి, నీళ్లలో గాలి కలిసేలా పైనుంచి పోస్తున్నారు. చెరువుదాకా నడవలేని మనిషి.

"చెప్పొద్దన్నాను కదా!" అన్నాను యాదలక్ష్మితో.

"చెప్పకుంటే వచ్చే యేడు గూడ గదే రంగు గదే నీళ్లల్ల కలుపుతది."

"పువ్వులు నావి, నీళ్లు గూడ నేనే పోస్త" అన్నారు అండాలమ్మగారు తలెత్తకుండా. చెంబు ఆపి నా ముఖంలోకి చూశారు. "నాకు చెప్పనీకి నీకేం భయమైంది బిడ్డా? నేను పరాయిదాన్నా?"

ఆ మాట నన్ను ఎవరెప్పుడు అంటారోనని అన్నాళ్లూ భయపడ్డదాన్ని. ఆవిడ నన్ను అడుగుతుంటే ఏడుపొచ్చింది. యాదలక్ష్మి ఇంకో చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. కరెంటు వచ్చేదాకా ఇద్దరం వంతులేసుకుని పోశాం.

పన్నెండో రోజున మందారం పక్కన తెల్లమచ్చతో ఇంటికొచ్చింది. మరుసటి ఏడు సద్దుల నాడు అండాలమ్మగారి బతుకమ్మలో గునుగుపూలు తెల్లగానే ఉన్నాయి. నేను లోపల్నుంచి వచ్చేలోగా ఆవిడే గేటు తీసుకుని వచ్చేశారు.

"ముందుగాల మందారాన్ని డ్రమ్ముల వేయి బిడ్డా" అన్నారు.