బుల్లిరాజు సారు తప్పు లెక్క

బుల్లిరాజు సారుని నేను నోటికొచ్చినట్టు తిట్టినా. ముప్పై ఏండ్లు దాటినా ఆ మాట నన్ను పీక్కు తింటానే ఉండాది. అందుకే చెప్తాండా, వినండి.

ఆయనది అమలాపురం పక్క. కువైట్ సిటీలో ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే పని. బక్క మనిషి, తుమ్మినా సారీ చెప్తాడు. నాది రాయచోటి, ఒక మామా, అంటే అరబ్బు యజమానురాలి ఇంట్లో వంట చేస్తాంటి. తొంభైలో ఇరాకోళ్లు వచ్చి పడినాంక, ఆగస్టు ఆఖర్లో మా వీధిలో గుండు పేలి ఇనప ముక్క నా ఎడమ భుజంలో ముందుపక్క దిగబడింది.

డాక్టరు ఎక్స్‌రే తెర మీద చూసుకుంటా దాన్ని నలభై నిమిషాలు ఎతికినాడు. కిరణమొచ్చే మిషను మూతి నా వీపు కింద. సారు గడియారం చూసి చీటీలో రాసుకుంటాండాడు.

"ఏంది సార్, నా చావు ముహూర్తమా?" అన్నా.

"అబ్బే, కాదండీ. కిరణం ఎంతసేపు పడింది, ఎంత జోరుగా పడింది, చర్మానికి ఎంత దూరం నుంచి పడింది, ఈ మూడూ చూస్తే మీ వీపుకి ఎంత తగిలిందో తెలుస్తుందండి." లెక్క కట్టి, "రెండొందల రాడ్లండి, కంగారు లేదు" అన్నాడు. రాడ్లంటే ఆ కిరణం కొలత అంట.

మూడో దినం మమ్మల్ని జోర్డాన్ దేశం అమ్మానుకు తీసకపోయే బస్సు సబ్హాన్ కాడ నిలబడింది. నేను ఎక్కి కూర్చున్యాక సారు ఎండలో నడిచొచ్చినాడు. దోవలో నాలుగు చోట్ల సైనికులు ఆపినారంట.

"తప్పైపోయిందండి అంకాలమ్మ గారూ. మనిషి మరీ దగ్గరికి రాకుండా మిషను మూతికి ప్లాస్టిక్ గిన్నె ఉంటుందండి. ఇరుగ్గా ఉందని డాక్టరు గారంటే నేనే తీసి అలమారలో పెట్టాను. లెక్క మాత్రం అది ఉందనుకునే కట్టేశాను. ఇవాళ అలమార తెరిస్తే కనబడింది. మూతి మీ వీపుకి బాగా దగ్గరైపోయింది, మీకు తగిలింది నాలుగొందల యాభై అండి. వీపు కమిలిపోద్ది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ చేతులు పడిపోనూ! కంగారు లేదంటివి గదా!" బస్సంతా వినేట్టు అరిచినా. తల వంచుకుని విన్యాడు. లెక్క రాసిన చీటీ ఇచ్చి, "దీన్ని దోవలో సైనికులు లాక్కున్నా లాక్కుంటారు. డాక్టరెవరైనా అడిగితే చెప్పడానికి ఆ అంకె నోటికి పట్టండి" అన్నాడు.

"నాకు సదువేడుంది?"

"మీ మామా ఇంటి ఫోన్ నంబరు నోటికి రాదాండి?"

వచ్చు. దోవ తప్పితే చెప్పుకోను ఇండ్లల్లో పన్జేసే మేమంతా అరబ్బీలో పట్టి పెట్టుకుంటాం. నాలుగొందల యాభైని గూడా అట్లే "అర్బామియా ఖంసీన్" అన్నా కోపంగానే. మూడుసార్లు అనిపిచ్చినాడు.

నా పక్క సీటు ఖాళీ. డ్రైవరు "యల్లా, ఎక్కు" అన్యాడు. సారు ఎక్కలేదు. "గిన్నె తీశాక ఇంకో ఏడుగురికి చేశానండి. వాళ్లకీ చెప్పాలి." బస్సు కదిలింది. నా కోపం దిగలేదు, కిటికీలోంచి ఇంకోసారి చేతులు పడిపోను అన్నా.

బస్రా కాడ సైనికుడు అంకెలు చూసి, ఏందో గుట్టు రాతనుకోని చీటీ చించేసినాడు. జోర్డాన్ క్యాంపులో ఎనిమిదో దినం వీపు మీద అరచెయ్యంత ఎరుపు లేసింది. దెబ్బ ముందర, ఎరుపు ఎనక. అంటురోగమని క్యాంపు డాక్టరు బొంబాయి ఇమానం లిస్టులో నా పేరు కొట్టేసినాడు. నా పానం పోయినంత పనైంది. ఎక్స్‌రే, నలభై నిమిషాలు, అర్బామియా ఖంసీన్ అని అరబ్బీలో ఏడ్చుకుంటా చెప్పినా. ఆయన వీపు మళ్లా చూసినాడు.

"ఎవరు కట్టినారు ఈ లెక్క?"

"బుల్లిరాజు సారు" అన్నా. ఇది కిరణానికి కమిలిందే, అంటురోగం కాదని లిస్టులో నా పేరు మళ్లా రాసినాడు.

యుద్ధం అయిపోయినాంక ఆ ఆస్పత్రిలో ఊడ్చే జుబేదా బీ రాయచోటికి వస్తే సారు సంగతి అడిగినా. ఐదుగురిని ఎతికి పట్టుకుని చెప్పినాడంట. ఆరో మనిషి కోసం అల్ రాయ్ అనే పేటకు పోయినోడు తిరిగి రాలేదంట.

నా మచ్చ ఇప్పుడు కనపడీ కనపడనట్టుండాది. ఆయన నా నోట విన్న ఆఖరు మాట మాత్రం ఆ తిట్టే.